ఒకటో గ్రేడు మాస్టారు

క్వోక్ మాస్టారికి ఒకటో గ్రేడు పిచ్చి. అరవై నాలుగేళ్ల మనిషి, పియానో మీద చెయ్యి వేస్తే కింద చేపలమ్మే ఆవిడ కత్తి ఆపి వింటుంది. అంతటాయన ఏటేటా ఓ కొత్త వాయిద్యం పట్టుకుని, ఆరేళ్ల పిల్లల వరసలో కూర్చుని సంగీతంలో ఒకటో గ్రేడు పరీక్షకు హాజరై వస్తారు. రెండో గ్రేడు జోలికి పోయిన పాపాన పోలేదు. ట్రంపెట్ పట్టిన ఏడాది, భవనం కాపలాదారు లిఫ్టు చెడిందనుకుని మెకానిక్కును పిలిచాడు.

"ఈసారి ఏమిటండీ?" అని అతను భయంభయంగా అడిగాడు.

"ట్రాంబోన్."

"మూడు నెలలు మా అత్తగారింటికి వెళ్లొస్తానండీ."

పుయ్-సాన్ అనే తల్లికి మాత్రం ఇది నవ్వులాటగా లేదు. తొమ్మిదేళ్ల కూతురు చింగ్ ఇంట్లో కళ్లు మూసుకుని పియానో వాయిస్తుంది. పరీక్ష గది తలుపు చూస్తే కాళ్లు కదలవు. రెండుసార్లు అక్కణ్ణుంచే తిరిగొచ్చింది. పేరిచ్చినవాళ్లను తప్ప లోపలికి రానివ్వరు, అమ్మలంతా మెట్ల దగ్గర ఆగాల్సిందే. మూడోసారీ ఇంతే అయితే ఇక పియానో ముట్టనని చింగే చెప్పేసింది. అందుకే పుయ్-సాన్ పిల్లను మంచి పేరున్న ఈ మాస్టారి దగ్గర చేర్చింది.

"అసలు పిల్లలకు ఈ పరీక్షలు కావాలంటారా మాస్టారూ?"

"నలభై ఏళ్లుగా ఆలోచిస్తున్నానమ్మా. ఇంకా తేలలేదు."

"మరి మీరెందుకు వెళ్తారు?"

"సర్టిఫికెట్లు బాగుంటాయి. గోడ పెచ్చులూడిన చోటల్లా ఒకటి తగిలించాను."

ఏరికోరి ఈయన్ని పట్టుకున్నానేమిటి అని పుయ్-సాన్ తల పట్టుకుంది.

పరీక్ష రోజున మాస్టారు కోటు తొడుక్కుని, ట్రాంబోన్ పెట్టె మోసుకుంటూ వచ్చారు. చింగ్ తలుపు దగ్గర టక్కున ఆగిపోయింది.

"చింగ్ తల్లీ, నాకు కాళ్లు వణుకుతున్నాయి. కాస్త లోపలిదాకా తీసుకెళ్తావా?" అన్నారు మాస్టారు.

చింగ్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఒకటో గ్రేడుకే ఇంత భయమా? రండి," అని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకుపోయింది.

గంట తర్వాత బయటికొచ్చి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. "పాపం అమ్మా, మాస్టారికి ఒకటే చెమటలు. పిల్లలందరం చుట్టూ చేరి ధైర్యం చెప్పాం, నీళ్లు తాగించాం. ఇంతలో నన్ను పిలిచారు. వెళ్లి వాయించేశాను."

"భయం వెయ్యలేదా?"

"తీరికేదీ?"

అప్పుడు తెలిసింది పుయ్-సాన్‌కు. పిల్లల పక్కన ఓ కుర్చీ కోసమే ఈ పెద్దమనిషి ఏటేటా పేరిస్తున్నాడు. ఇన్నాళ్లూ ఆయన్ని తక్కువగా అనుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. సంతోషమూ పట్టలేకపోయింది.

మాస్టారు మెడ తుడుచుకుంటూ వచ్చారు.

"భలే నటించారు మాస్టారూ."

"నటనేమిటమ్మా. ట్రాంబోన్ పట్టుకుని ఆ పరీక్ష పెట్టే ఆవిడ ముందు నిలబడితే తెలుస్తుంది."

పుయ్-సాన్ ఆయన చేతిలోని పెట్టె అందుకుంది. "పిల్లలంతా వెళ్లిపోయాక ఆ గదిలో మీరొక్కరే మిగులుతారు కదా. వచ్చే ఏడు నా పేరు కూడా ఇవ్వండి. వాయిద్యం ఏదైనా సరే."

మాస్టారి ముఖం విప్పారింది.

"అయితే డ్రమ్స్ పట్టండమ్మా. మీ మోతలో నాది వినబడదు."