క్యాసెట్‌లో ఏ పదేళ్లు?

గద్వాలలో మా వీధి నేతవాళ్లు కలిసి పెట్టుకున్న భజన బృందానికి అప్పటికే ముప్పై ఏళ్లు దాటాయి. రెండు వేల సంవత్సరం వచ్చి కొన్నేళ్లయింది. పట్నాల్లో సీడీలు వచ్చినా, మా వైపు ఇంకా క్యాసెట్లే నడిచేవి. వనపర్తిలో పాటలు రికార్డు చేసే ఒకాయన శ్రీరంగాపూర్ గుడి ఉత్సవాల్లో మా పాట విని, మా నాయనను పక్కకు పిలిచాడు.

"ఒక క్యాసెట్ చేద్దాం. గంటసేపే పడుతది. మీ బృందం అంటే ఏందో తెలిసే పాటలు ఏరుకొని రాండ్రి" అన్నాడు.

నాయన హార్మోనియం వాయించేవాడు. ఆ శనివారం భజనకు కూర్చోగానే సంగతి చెప్పాడు. ఇక పాట మొదలుకాలేదు, వాదమే మొదలైంది.

తబలా వాయించే తాత మొదటి పదేళ్లే అసలైనవన్నాడు. "మైకు లేదు, ఏం లేదు. తాళాలు, గొంతులు. గదే భజన!"

మిగతా వాళ్లంతా రెండో పదేళ్ల వైపే మొగ్గారు. అవి మా పెద్దనాయన పాడిన రోజులు. ఆయన మాకు రక్తసంబంధం కాదు, నాయనకు అన్నలాంటి స్నేహితుడు. ఆయన గొంతెత్తితే బస్సెక్కినవాళ్లు కూడా దిగి వచ్చి వినేవారట. తర్వాత కొన్నేళ్లకు ఆ గొంతు జీరబోయింది. ఒక పాట మధ్యలో పైకి అందలేక ఆగిపోయాడు. చేతిలోని తాళాలు మెల్లగా చాప మీద పెట్టి లేచాడు. ఆ తర్వాత అమరచింతలో కూతురి దగ్గరికి వెళ్లి, అక్కడే మగ్గం వేసుకున్నాడు.

ఆయన వెళ్లాక పాడేవాళ్లు లేకనే ఆడవాళ్లం బృందంలోకి వచ్చాం. ముందు అమ్మ, ఆమె వెనక నేను, ఇంకో నలుగురు. ఆ పదేళ్లలో మేము పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు. ఒకసారి నాగర్‌కర్నూల్‌లో పాడటానికి కూర్చోగానే ముందు వరుసలో ఒకాయన, "మీ పెద్దాయన రాలేదా?" అని అడిగాడు. రాలేదని తెలిసి లేచిపోయాడు, ఆయనతో మరికొందరు. తిరుగుబస్సులో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉంది.

అందుకే ఆ శనివారం మా పదేళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మ కూడా, "ఆయన పాటలే పెట్టుండ్రి" అనేసింది. ఆ పాటలు పాడగలిగే గొంతు మాలో ఎవరికీ లేదు. ఏవి ఎలా పాడాలో ఆయన్నే అడుగుదామని ఆదివారం నాయన అమరచింత బయలుదేరాడు. నన్నూ తీసుకెళ్లాడు.

పెద్దనాయన మగ్గం గుంటలో ఉన్నాడు. మమ్మల్ని చూసి నేత ఆపి, గట్టు మీద చేతులు ఆనించి పైకి వచ్చాడు. నాయన సంగతంతా చెప్పి, "నీ పదేండ్లే పెడుదమంటున్నరన్నా" అన్నాడు.

"వద్దు" అన్నాడాయన. "నేను పాడంగ మీరేం చేస్తుంటిరి? నా ఎనక వస్తుంటిరి. నేనాగితే మీరూ ఆగుతుంటిరి. అది ఒక్కని పాట, బృందం పాట కాదు."

నాయన ఏదో అనబోయాడు. పెద్దనాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను పోయినంక శ్రీరంగాపూర్‌కు ఏటేటా వచ్చిన. ప్రహరీ అవతల నిలబడి మిమ్ముల విన్న. మొదాల ఏడుపొచ్చింది, నేను లేకున్నా పాట నడుస్తుందని. జర సేపైనంక మంచిగ విన్న. ఒకరికి దమ్ము చాలకపోతే పక్కనోళ్లు అందుకుంటున్నరు. మీ ఇంటామె గొంతు యాడ ఆగుతదో, ఈ బిడ్డ గొంతు యాడ మొదలైతదో తెల్వనే తెల్వదు. గవే పెట్టుండ్రి."

నాయన ఆయన పక్కన గట్టు మీద కూర్చున్నాడు. "ఏటేటా వచ్చి, లోపలికి ఒక్కసారన్న రాకపోతివేందన్నా?" అని అడిగాడు.

"గొంతు లేనోనికి ఆడ ఏం పని?"

నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో. "గొంతులు మా దగ్గర ఉన్నయి గద పెద్దనాయనా! నువ్వు మా ఎనక పాడు" అన్నాను. ఆయన నా వైపు చూసి నవ్వబోయి, తుండుతో మొహం తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చి చెప్పినప్పుడు అమ్మ జొన్నపిండి కలుపుతోంది. "ఆయనే అన్నడా? ఆయన నోటితోనే అన్నడా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత రొట్టె తడుతూ ఆమె సన్నగా పాడుకోవడం నాకు వినిపించింది.

తబలా తాత మాత్రం ఒప్పుకోలేదు. ఆయన కోసం మొదటి రోజుల పాట ఒకటి చేర్చాం. మిగతావన్నీ మా పదేళ్లవే.

వనపర్తిలో రికార్డు చేసిన గదికి గోడల నిండా బొంతలు వేలాడదీశారు. చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపేశారు. చెమటలు కారుతున్నాయి. పెద్దనాయన ఉతికిన పంచె కట్టుకుని పొద్దున్నే వచ్చి, అందరికన్నా వెనక, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండో పాటలో రికార్డు చేసేవాడు చెయ్యెత్తి ఆపాడు.

"ఎనక ఒక ముసలి గొంతు గీరుకుపోతుంది. ఆయనను జర ఊకుండమంటరా?"

పెద్దనాయన తల వంచుకున్నాడు. నాయన హార్మోనియం మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ఆ గొంతు మాదే. ఉండనియ్యి" అన్నాడు.

అమ్మ వెనక్కి తిరిగి, "నువ్వు జర ముందలికి రా బావా" అని పక్కకు జరిగింది. ఆయన వచ్చి మా మధ్య కూర్చున్నాడు. పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాం.

క్యాసెట్ పెద్దగా పేరేమీ తెచ్చిపెట్టలేదు. మా వీధిలో కొన్నాళ్లు మగ్గాల చప్పుడు మధ్య వినిపించింది, అంతే. కానీ పెద్దనాయన ఆ తర్వాతి శనివారం జూరాల మీదుగా వచ్చే బస్సెక్కి భజనకు వచ్చాడు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉన్నాడు. ఎన్నిసార్లు అడిగినా ముందు ఎత్తుకునేవాడు కాదు. మేము ఒక చరణం పాడి ఊపిరి తీసుకుంటుంటే, ఆ జీర గొంతుతో మెల్లగా అందుకునేవాడు.