బేస్తవారం ఖాదర్ సాబ్

నిన్న పొద్దున మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి ఎంకటన్న వాకిట్లో నిలబడి, "ఖాదర్ సాబ్ ఇగ లేడురా" అన్నాడు.

అబద్ధాలాడకని కసిరాను.

ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు నమ్మాను.

మూడు రోజుల చలిజ్వరం. అంతే.

ఈ కాగితం మన రీడింగ్ రూం గోడకు అంటిస్తున్నాను. కొత్తగా వచ్చేవాళ్ళకు ఆయన తెలియాలి. ఖాదర్ సాబ్ మన కోర్టులో పేష్కారు. మున్సిఫ్ ముందు ఫైళ్ళు పెట్టి, చదివి, చెప్పింది రాసుకునే నౌకరీ.

నా చిన్నప్పుడు మా నాయన మీద జరీ దొంగతనం కేసు పెట్టారు. రెండు నెలలు లాకప్‌లో ఉంచారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. చివరికి మున్సిఫ్ ముందు నిలబెట్టి కోర్టు భాష ఉర్దూలో ఏదో చదివారు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

పెద్దోళ్ళ ముందు మనవాళ్ళు ఏం చేస్తారు? కాళ్ళ మీద పడ్డాడు.

నేరం ఒప్పుకున్నాడని రాసుకున్నారు. ఆరు నెలల జైలు.

రాసింది ఖాదర్ సాబ్ చెయ్యే. ఆ సంగతి ఆయనే మా ఇంటికొచ్చి చెప్పాడు. మా అమ్మ ఆయన ముఖం మీదే తలుపు వేసింది.

తర్వాత ఆయన ఏడాది పాటు మున్సిఫ్ వెంట తిరిగాడు. వారంలో ఒక్క గంట చాలన్నాడు. మిగతా కేసుల కంటే ముందు, కొత్తగా పట్టుకొచ్చినవాళ్ళ కోసమే. నేరమేమిటో తెలుగులో చదవాలి, చేశావా లేదా అని అడగాలి, జామీను మీద వదలొచ్చేమో చూడాలి.

మున్సిఫ్ ఒప్పుకున్నాడు. గట్లా బేస్తవారం పేషీ, గురువారం విచారణ, పుట్టింది.

రెండేళ్ళ కింద షావుకారును కొట్టానని నన్నూ పట్టుకుపోయారు. కొట్టలేదు, తిట్టాను. మర్నాడే బేస్తవారం. కోర్టు వరండాలో ఖాదర్ సాబ్ నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు.

"నిలబడు బిడ్డా. కాళ్ళ మీద పడకు. చేసినవా, చెయ్యలేదా, గదే చెప్పు."

లోపలికి పోగానే నా మోకాళ్ళు వాటంతటవే వంగాయి. ఆయన బల్ల దగ్గర నుంచి దగ్గాడు. నిలబడ్డాను. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను.

ఆ తర్వాత అదే వరండా మెట్ల మీద నాకు ఉర్దూ అక్షరాలు నేర్పాడు. ఆయన కళ్ళజోడు కాడ విరిగితే మా అమ్మ పట్టుదారం పంపింది. నిన్న ఆయన తలగడ పక్కన కళ్ళజోడుకు ఇంకా ఆ దారమే ఉంది.

ఆ దగ్గు వినాలని ఉంది. ఇంకేం రాయను?

నిన్న ఖబరస్తాన్‌లో కోర్టు బంట్రోతు నా చెవిలో వేశాడు. "సాబ్ లేడు గదా, ఇగ బేస్తవారం పేషీ ఉండదంట."

ఇంకా మట్టి కూడా ఆరలేదు.

లాకప్‌లో నలుగురున్నారు. ఒకాయన మన్ననూర్ అడవి మనిషి, వెదురు కొట్టాడని పట్టుకొచ్చారు. ఆయనకు ఉర్దూ సంగతి దేవుడెరుగు, కోర్టంటే ఏందో తెల్వదు.

రేపు బేస్తవారం. మగ్గాలు ఆపి రండి. పేషీ పెట్టమని అడుగుదాం. చదవనిస్తే వాళ్ళ నేరాలు నేనే తెలుగులో చదువుతాను. లోపలికి రానివ్వకపోతే వరండాలోనే ఆ నలుగురికీ చెప్తాను, నిలబడమని.

సాబ్, మట్టి వేసేటప్పుడు మీ కాళ్ళ వైపు వంగబోయాను. మీరు దగ్గినట్టే అనిపించింది.

నిలబడే మట్టి వేశాను.

ఇక మిమ్మల్ని ఏ బంట్రోతూ పేషీకి రమ్మని కేకేసి పిలవడు. ప్రశాంతంగా పడుకోండి.