ఓర్విల్ మాట్లాడిన మూడు నిమిషాలు

మార్లిస్ హౌగెన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. అమెరికాలో మినసోటా రాష్ట్రంలో రెండువందల పన్నెండు మంది ఉండే ఎల్క్ ఫోర్క్ టౌన్‌షిప్‌కి, అంటే మన పంచాయతీ లాంటిదానికి, పంతొమ్మిదేళ్ళుగా ఆమే క్లర్కు. నెలకోసారి బోర్డు సమావేశమైతే సభలో జరిగినదానికి రికార్డుగా మినిట్స్ రాయడం, ఎన్నికలొస్తే పెట్టెలు సర్దడం, కుక్కల తగాదాలకు ఫోనెత్తడం ఆమె పని. దానితో పొట్ట నిండదు కనుక పగలు పక్క పట్నంలో బడి వంటగదిలో మూడువందల మంది పిల్లలకు వండుతుంది. మోకాళ్ళు రెండూ ఎప్పుడో చేతులెత్తేశాయి.

ఆమె ఆశ పెద్దదేమీ కాదు. కౌంటీ ఆఫీసులో జూన్ నుంచి ఒక గుమాస్తా ఉద్యోగం ఖాళీ అవుతోంది. కూర్చుని చేసే పని, కుర్చీకి చక్రాలు కూడా ఉంటాయి. దానికి రెండేళ్ళ డిగ్రీ కావాలన్నారు. కాలేజీ ఆమె రెండుసార్లు మానేసింది, ఒకసారి కొడుకు పుట్టాడని, ఇంకోసారి తల్లి మంచం పట్టిందని. లెక్క చూస్తే ఒక్క సబ్జెక్టు మిగిలింది, ‘రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు’. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చన్నారు.

ఇంట్లో ఇంటర్నెట్ నత్తనడక. అందుకని మధ్యాహ్నం రెండున్నరకి వంటగది కడిగి, ఆ పట్నం లైబ్రరీ ముందు కారాపి, వాళ్ళ వైఫై అందేచోట లాప్‌టాప్ స్టీరింగుకి ఆనించి చదివేది. లైబ్రరీ లోపలికి వెళ్ళొచ్చుగా అంటే, మెత్తటి కుర్చీలో కూర్చుంటే పది నిమిషాల్లో నిద్రపోతుందట. కారులో చలి ఆమెను నిద్రపోనివ్వదు.

పాఠ్యపుస్తకం నాలుగువందల పేజీలు. అందులో టౌన్‌షిప్పులకి ఒకటిన్నర పేరా. పంతొమ్మిదేళ్ళ బతుకు ఒకటిన్నర పేరాలో ఇమిడిపోయిందని ఆమె నొచ్చుకోలేదు కానీ, ఆ పేరా మీద అడిగిన రెండు ప్రశ్నలూ తప్పడం మాత్రం కష్టంగానే తోచింది. తాతకు దగ్గులు నేర్పబోతే తాతే తప్పు దగ్గాడన్నారన్నమాట.

“నీ పని గురించి అడిగితే నీకే సున్నా వచ్చిందా?” అని భర్త రోలీ పగలబడి నవ్వాడు. ఆయన పాల ట్యాంకరు నడుపుతాడు.

“పుస్తకంలో ఉన్నట్టు మనం చెయ్యట్లేదట.”

“మరి పుస్తకం రాసినాయన్ని ఓసారి కుక్కల తగాదాకి పిలవాల్సింది.”

ఆ నవ్వులో ఆమె కలవలేదు. సాయంత్రం అయిదింటికే ఒంట్లో సత్తువ ఉండేది కాదు.

ఫిబ్రవరిలో పెద్ద అభ్యాసం ఇచ్చారు. ఏదైనా స్థానిక సభకు వెళ్ళి, చూసింది మూడు పేజీల్లో రాయాలి. కోర్సు మార్కుల్లో మూడోవంతు దానికే. మార్లిస్‌కి ప్రాణం లేచొచ్చింది. కొత్తగా వెళ్ళేదేముంది, ఎలాగూ అక్కడే ఉంటుంది. ఆ నెల సమావేశానికి తను రాసిన మినిట్స్ తీసి, ముందొక వాక్యం, వెనకొక వాక్యం తగిలించి పంపేసింది.

నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది. ఆమె వ్యాసంలో నూటికి తొంభై నాలుగు పాళ్ళు ఎల్క్ ఫోర్క్ టౌన్‌షిప్ వెబ్‌సైటులోని మినిట్స్‌కి నకలని కంప్యూటరు పట్టేసింది. కాపీ కొట్టినందుకు సున్నా. సంజాయిషీ ఉంటే ఫోను చెయ్యమని ప్రొఫెసర్ పెల్ కబురు పెట్టింది.

మార్లిస్ లైబ్రరీ ముందు కారులోంచే చేసింది.

“మేడమ్, ఆ మినిట్స్ రాసింది నేనే. నాది నేనే దొంగిలించానంటే ఎలా?”

అవతల ప్రొఫెసర్ వెబ్‌సైటు తెరిచి చూసుకుంది. “మినిట్స్ మీద మీ పేరు లేదేమండీ?”

“క్లర్కు పేరెందుకు? ఎవరు తీర్మానం పెట్టారు, ఎవరు బలపరిచారు, అంతే కావాలి.”

“సరే, నమ్ముతాను. కానీ నేనడిగింది మీరు చూసింది. ఇందులో అసలు మీరున్నారా? ఆ గదిలో ఏం జరిగింది?” ప్రొఫెసర్ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. ఆమెకు అలాంటివి నూటపాతిక దిద్దాల్సినవి ఉన్నాయట. “ఒక్క వారం గడువిస్తాను. మళ్ళీ రాయండి.”

ఫోను పెట్టేసి మార్లిస్ ఆ మినిట్స్ మళ్ళీ చదివింది. నాలుగో అంశం దగ్గర ఆగింది. ‘ప్రజల మాట: ఒకరు. రోడ్డు విషయం. చర్య లేదు.’

ఆ ఒకరు ఓర్విల్ నెస్. ఎనభై ఒక్కేళ్ళవాడు. ఎల్క్ ఫోర్క్‌కీ పక్క టౌన్‌షిప్‌కీ మధ్య సరిహద్దు గీత మీద, పెద్ద రోడ్డు మలుపు నుంచి అరమైలు లోపలికి ఉంటుంది అతని ఇల్లు. ఆ అరమైలు మంచు మీరు తోయాలంటే మీరు తోయాలని రెండు బోర్డులూ నలభై ఏళ్ళుగా ఒకరి మీదొకరు నెట్టుకుంటున్నాయి. ఓర్విల్ తన ట్రాక్టరుతో తనే తోసుకునేవాడు. కిందటేడు నడుం పట్టేసింది.

ఫిబ్రవరి సమావేశానికి అతను టై కట్టుకుని వచ్చాడు. మాట్లాడేవాళ్ళకు మూడు నిమిషాలే ఇస్తారు. లెక్క చూసేది మార్లిస్ వంటింటి నుంచి తెచ్చిన, గుడ్లు ఉడికేటప్పుడు తిప్పిపెట్టే గంట గడియారం. కళ్ళజోడు వెతుక్కోవడానికి సగం నిమిషం పోయింది. మిగిలినదాంట్లో అతను చెప్పింది చెప్పాడు. నడుమ గడియారం ట్రింగుమంది. అతను వాక్యం సగంలో ఆపేసి, “సరే, థాంక్యూ,” అని కూర్చున్నాడు. ఆ ప్రాంతపు మర్యాద అది, ఇల్లు కాలుతున్నా పక్కవాళ్ళ భోజనమయ్యాకే చెప్తారు. తర్వాత కాఫీ పోసినప్పుడు మార్లిస్ అతని పళ్ళెంలో నిమ్మకాయ మిఠాయి ఇంకో ముక్క వేసింది. అదే ఓదార్పనుకుంది. ఇంటికెళ్ళి నాలుగో అంశం కింద ఆ మూడు ముక్కలు టైపు చేసింది.

ఇప్పుడు ఆమెకు సిగ్గేసింది. చెప్పుకోలేనంత సిగ్గు. రోలీతో కూడా అనలేదు.

ఆ వారం వ్యాసం మళ్ళీ రాసింది. ఓర్విల్ అన్న ప్రతి మాటా ఆమెకు గుర్తుంది, పంతొమ్మిదేళ్ళు చేసిన పని అదే కదా. పంపింది. ప్రొఫెసర్ దగ్గర్నుంచి ఈసారి ఇంకో చిక్కొచ్చింది. ‘బాగుంది. కానీ మీరే రాశానన్న మినిట్స్‌లో ఇందులో ఒక్క ముక్కా లేదు. రెండూ మీవే అయితే ఏది నిజం? ఈ మాటలు అతనన్నాడనడానికి ఆధారం చూపించండి, లేకపోతే మార్కులు వెయ్యలేను.’

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ సమావేశంలో టేపు రికార్డరు లేదు. ఓర్విల్‌ని సాక్ష్యం అడగడానికి ముఖం చెల్లలేదు. ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. ఫిబ్రవరి మినిట్స్ వెబ్‌సైటులో పెట్టినా ఇంకా చిత్తుప్రతే. మార్చి సమావేశంలో బోర్డు ఆమోదిస్తేనే ఖాయం, ఆమోదిస్తే అదే ఆధారం. అప్పటిదాకా సరిదిద్దే హక్కు క్లర్కుది.

మార్చి సమావేశంలో చెక్క కుర్చీల్లో బోర్డు సభ్యులైన ముగ్గురు సూపర్‌వైజర్లు కూర్చున్నారు. అధ్యక్షుడు డ్వేన్ ష్రోడర్ మినిట్స్ తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. జనం కుర్చీల్లో ఒక్కడే ఉన్నాడు, ఓర్విల్. మార్లిసే రమ్మంది.

“ఏంటి మార్లిస్, నాలుగో అంశం చాంతాడంత రాశావు?”

“ఆయన అన్నదే రాశాను, డ్వేన్.”

“మినిట్స్ అంటే మనం చేసింది. వాళ్ళు వీళ్ళు అన్నది కాదు. రేపెవడైనా లాయరు చూస్తే మన పీక మీదికొస్తుంది. ఆ ముక్క తీసెయ్యాలని నేను తీర్మానం పెడుతున్నా.”

రెండో సూపర్‌వైజరు చెయ్యెత్తి బలపరిచాడు. మూడో ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

మార్లిస్ మోకాళ్ళు సలుపుతున్నాయి. పొద్దుట అయిదింటి నుంచి నిలబడే ఉంది. వాదించే ఓపిక నిజంగానే లేదు. పని చేసే ఓపిక మాత్రం ఉంది.

“ఏ మాటలు తీసెయ్యాలో చదివి చెప్పు, డ్వేన్. తీర్మానంలో రాసుకోవాలి.”

“అదే, నాలుగో అంశం.”

“అలా కుదరదు. తీసేసే మాటలేవో తీర్మానంలో ఉండాలి. పంతొమ్మిదేళ్ళుగా అలాగే రాస్తున్నాను. కంకర కాంట్రాక్టుకి నువ్వే పట్టుబట్టావు, గుర్తుందా?”

డ్వేన్‌కి గుర్తుంది. కాగితం దగ్గరికి జరుపుకుని చదవడం మొదలుపెట్టాడు.

“‘జనవరి పదకొండున పొద్దున తొమ్మిదింటికి నా భార్య ఇనెజ్ వంటింట్లో పడిపోయింది. అంబులెన్సు ఇరవై నిమిషాల్లో మా మలుపు దాకా వచ్చింది. అక్కణ్ణుంచి మా వాకిటికి అరమైలు, నడుముల్లోతు మంచు. అంబులెన్సులో వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు స్ట్రెచరు భుజానేసుకుని నడిచొచ్చారు. నలభై నిమిషాలు పట్టింది. నేను ఇనెజ్ పక్కన నేల మీద కూర్చుని, వస్తున్నారు, కనబడుతున్నారు అని చెప్తూ ఉన్నాను. వాళ్ళొచ్చేసరికే ఆమె పోయింది. మీ మంచు తోసే బండి ఆ మలుపు దగ్గర బ్లేడు పైకెత్తి వెనక్కి తిరగడం...’”

డ్వేన్ ఆగాడు. ఆ బండి నడిపేది అతని కొడుకు. మళ్ళీ కాగితంలోకి వంగాడు. అతను చదివినంతసేపూ గడియారం ఎవరూ తిప్పలేదు.

“‘...వెనక్కి తిరగడం నలభై ఏళ్ళుగా కిటికీలోంచి చూస్తున్నాను. నేను తప్పు పట్టడానికి రాలేదు. నేనడగడానికొచ్చింది...’ ఇక్కడితో అయిపోయింది.”

“అక్కడే గంట మోగింది,” అంది మార్లిస్.

చేతులు లేచాయి. రెండు అవును, ఒకటి కాదు. కాదన్నది కాఫీ కప్పు పెద్దమనిషి. తీర్మానం నెగ్గింది. మార్లిస్ మార్చి మినిట్స్‌లో ‘ఈ కింది మాటలు ఫిబ్రవరి మినిట్స్ నుంచి తొలగించడమైనది’ అని రాసి, దాని కింద ఆ మాటలన్నీ వరసగా దించింది. ఇనెజ్ పేరు దగ్గర అక్షరాలు కుదురుగా రాసింది.

సభ ముగిశాక ఓర్విల్ టోపీ చేత్తో పట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు.

“అయితే తీసేశారా, మార్లిస్?”

“తీసేశారు, ఓర్విల్. తీసేశారని ఇదిగో, ఇక్కడ రాసుంది.”

అతను నిలబడే పేజీ మొత్తం చదివాడు. “డ్వేన్ నాకంటే బాగా చదివాడు,” అన్నాడు. తర్వాత, “దీని నకలొకటి ఇస్తావా? ఫ్రిజ్ మీద పెట్టుకుంటాను.”

నకలు ఇచ్చింది. ఆ పేజీకే ఫొటో తీసి ప్రొఫెసర్‌కీ పంపింది. గురువారం మధ్యాహ్నం లైబ్రరీ ముందు కారులో జవాబు చూసుకుంది. నూటికి ఎనభై ఎనిమిది. పాసైనట్టే, కౌంటీ ఆఫీసులోని చక్రాల కుర్చీ దాదాపు చేతికొచ్చినట్టే. కింద ప్రొఫెసర్ ఒక్క ప్రశ్న వేసింది. ‘రోడ్డు సంగతి ఏమైంది?’

మార్లిస్ వేళ్ళు అలవాటుగా ‘చర్య లేదు’ అని టైపు చేసేశాయి. ఆ రెండు మాటల్నీ చాలాసేపు చూస్తూ కూర్చుంది. కళ్ళు మంటలు. ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంది. అయినా జవాబు పంపకుండా లాప్‌టాప్‌లో ఏప్రిల్ సమావేశపు అజెండా కాగితం తెరిచింది. అది తయారు చేసేదీ క్లర్కే. మొదటి అంశంగా ‘ఓర్విల్ నెస్, ఫిబ్రవరిలో సగంలో ఆగిన వాక్యం’ అని టైపు చేసి, గడువు అన్నచోట ఉన్న ‘మూడు నిమిషాలు’ చెరిపేసింది.