బోర్లా పెట్టిన ఫొటో

ఐర్లండ్‌లోని డ్రోహెడాలో మా అక్కను చూడ్డానికి వెళ్ళినప్పుడు, పక్కింటి నోరా అనే పెద్దావిడ నన్ను చర్చి హాలుకు తీసుకెళ్ళింది. ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఒక బడికి విరాళాలు పోగుచేస్తున్నారు. ఇంట్లో చేసిన కేకులు తెచ్చి, టీ తాగి, తోచింది డబ్బాలో వేయడం అక్కడి పద్ధతి. డబ్బా పక్కన, ముఖం నిండా ఈగలతో ఏడుస్తున్న పసివాడి ఫొటో పెట్టారు. మా ఊరి ఆసుపత్రిలో ఫొటో దిగితే గానీ రోగి చేతిలో అరటిపండు వదలని దాతలు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

అంతలో గ్రేస్ అనే మలావీ నర్సు వచ్చి, ఆ ఫొటోను బల్లమీద బోర్లా పెట్టేసింది.

"నేను చదివింది ఆ బడిలోనే. మా పిల్లలు అక్కడికి చదువుకోవడానికొస్తారు, ఏడవడానికి కాదు."

"ఏడుపు చూస్తేనే కదమ్మా జనం ఇచ్చేది!" అన్నాడు నిర్వాహకుడు.

"అయితే ఇవ్వొద్దు."

నోరా లేచింది.

"నూట డెబ్భై ఏళ్ళ కిందట ఆలుగడ్డల పంట కుళ్ళి మనవాళ్ళు ఆకలికి చచ్చినప్పుడు లండన్ పత్రికలు మన పిల్లల బొమ్మలూ ఇలాగే వేశాయి. వాళ్ళ పెద్దలు చెప్పగా విన్న మా నాన్నమ్మ పోయేదాకా ఆ పత్రికల్ని తిడుతూనే ఉంది."

ఆ ఫొటో వీపు మీద తన ఆపిల్ టార్ట్ పళ్ళెం పెట్టి, "గ్రాండ్! ఇప్పుడు బాగుంది. ఇక టీ పోయండి" అంది.