గుంతకు ఒక గింజ

ఎన్ని పెట్టాలో సాయంత్రంలోపు ఫోన్ చేసి చెప్పమన్నది డాక్టరమ్మ. మేము అప్పటికి హైదరాబాదు నుంచి కడపకు తిరిగి వచ్చేశాం. అక్కడి సంతాన చికిత్స ఆసుపత్రిలో, గడ్డకట్టించి దాచిన మా పిండాలు మూడు ఉన్నాయి. మొదటిసారి నా భార్య గర్భంలో రెండు పెట్టారు. రెండూ నిలిచాయి. ఐదో నెలలో రెండూ పోయాయి. నా భార్య ఒళ్లు ఇద్దరిని మోయలేకపోయింది. ఈసారి ఒకటే పెడితే ఆమెకు ప్రమాదం తక్కువ. కానీ ఆ ఒక్కటీ నిలవకపోవచ్చు.

కడపరాయి పరిచిన వరండాలో పచార్లు చేస్తున్నాను. పత్రికలో అంకెలతోనే బతికినవాణ్ణి. బస్సు బోల్తా పడితే చనిపోయినవాళ్లది మొదట ఒక సంఖ్య వస్తుంది. పేజీ కట్టేలోగా మారుతుంది, మేమూ మారుస్తాం. ఈ అంకెను మాత్రం చెప్పాక దిద్దుకోవడానికి లేదు.

కమలాపురం నుంచి వచ్చిన మా అత్తమ్మ చేటలో శనక్కాయలు వలుస్తూ నన్నే చూస్తోంది.

"ఏమి నాయనా, అట్ల తిరుగుతాండావు? బండలు అరుగుతాయి."

సంగతి చెప్పాను.

"దాంట్లో ఆలోచించేదేముండాది? పత్తి ఏసేటప్పుడు గుంతకు రెండు గింజలు ఏస్తాము. ఒకటి పోయినా ఇంకోటి మొలుస్తాది."

"రెండూ మొలిస్తేనో?" లోపలి నుంచి వస్తూ అడిగింది నా భార్య.

"బాగుండేది ఉంచి, రెండోది పీకే..."

అత్తమ్మ చేతిలోని కాయ వలవకుండానే చేటలో పడేసింది.

నా భార్య ఆమె ఎదురుగా కూర్చుని ఆ కాయనే తీసి వలిచింది.

"అది నాటు గింజలప్పటి మాటమ్మా. ప్యాకెట్ విత్తనం వచ్చినంక ఒకటే గదా ఏస్తాండావు?"

"అది పిరం గదా పాపా. ప్యాకెట్టుకే బోలెడు డబ్బులు పెట్టాల."

"ఇవి అగ్గువనా?"

ముందు నవ్వింది అత్తమ్మే.

"మొలవని కాడ ఏం చేస్తావు?" మళ్లీ అడిగింది నా భార్య.

"మళ్ళా ఒకటి పెడ్తా."

"నేనూ అంతే." నావైపు తిరిగింది. "ఒకటే అని చెప్పప్పా."

"నిలవకపోతే?"

"ఇంకా రెండుండాయి. పోయినసారి మాదిరి ఇద్దర్ని మోసి మోసి పోగొట్టుకునేది ఇంక నాతో కాదు."

ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"ఒకటేనా సార్?" అంది అవతల నర్సు.

నా భార్య తలెత్తలేదు. కాయలు వలుస్తూనే ఉంది.

"ఒకటే" అన్నాను.

ఫోన్ పెట్టేశాక అత్తమ్మ నా కోసం చాప జరిపింది. కూర్చున్నాను. అంతలోనే మళ్లీ లేచాను. మూడోసారి వరండా చివరిదాకా వెళ్లి తిరిగేసరికి నా భార్య చెయ్యి చాచి ఉంది.

"ఆ ఫోను ఇట్లియ్యి. మీ పేపర్లో మాదిరి మళ్ళా మారుస్తావు."

ఇచ్చాను. దాన్ని చేటలో, వలిచిన గింజల మీద పెట్టుకుంది.