గానుగ కడిగానన్న వరహాలరావు

ముంచింగిపుట్టు సంతవీధి చివర గానుగ ఆడించే వరహాలరావు మంచి రోజుల్లో ఎలాంటివాడో చెబితే ఆ తర్వాత చూసినవాళ్లెవరూ నమ్మేవారు కాదు. వంటనూనె తీసే వలిసె గింజలు గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుని, అవి ఏ కొండ వాలున పండాయో చెప్పేవాడు. ఒకసారి ఆ విత్తనాలు చల్లినవాడిది ఎడమచేతి వాటమని కూడా చెప్పాడట. ఆరా తీస్తే నిజమేనట. ఆరా తీసిందెవరని మాత్రం అడక్కండి, అంత బాగున్న మాటను పాడు చేసుకోవడం దేనికి?

ఆ ముక్కునూ ఆ బుర్రనూ నమ్ముకునే రాజులమ్మ పల్లం నుంచి మొగుడి వెంట ఘాటీ ఎక్కి ఈ కొండల్లోకి వచ్చింది. పల్లంలో తెలికలవాళ్ల గానుగలు వీధికొకటి. ఇక్కడ ఇదొక్కటే.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు వరహాలరావుకు చలిజ్వరం పట్టుకుంది. మాచ్‌ఖండ్ డ్యాం పనుల దగ్గర తిరిగే బైరాగి ఒకడు అతని చేతిలో గంజాయి చిలుం పెట్టి, "ఇది పీల్చు, జ్వరం నీ గడప తొక్కదు" అన్నాడు. జ్వరం ఏటేటా వచ్చి తొక్కి పోతూనే ఉంది. చిలుం మాత్రం వచ్చిన చోటే ఉండిపోయింది.

మొదట్లో వీధివాళ్లు నవ్వుకున్నారు. ఎద్దు కళ్లకు గంతలు కట్టి, కాడి వేసి, గింజలు పోయడం మరిచిపోయి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడొక రోజు. ఎద్దు పాపం తన ధర్మం తాను చేసింది. ఖాళీ రోట్లో రోకలి రాసుకుని రాసుకుని పొగలు కక్కింది. వీధంతా పరిగెత్తుకొచ్చి నీళ్లు పోస్తుంటే, అతను కూడా వచ్చి, "ఎవరిది గానుగ?" అని అడిగాడు.

ఏళ్లు గడిచేసరికి నవ్వు పోయింది. చిన్నప్పుడు ఏ చెట్టెక్కి ఏ కొమ్మ విరిచాడో పూస గుచ్చినట్టు చెప్పేవాడు. పొద్దున ఏం తిన్నాడో చెప్పలేడు. తిన్న కంచం ముందే కూర్చుని అన్నం పెట్టలేదని కేకలు వేసేవాడు. ఏదైనా మాట మొదలుపెడితే సగంలో ఆగి, నోరు తెరుచుకుని, ఈగ వాలినా మూసేవాడు కాదు. రెండు పనులు వరసగా చెబితే మొదటిది చేసేవాడో రెండోది చేసేవాడో ఆ దేవుడికే తెలియాలి. గడ్డానికి ఎండిన ఉమ్మి, చిలుం చుట్టూ చుట్టిన తడి గుడ్డ, ఆ గుడ్డ నిండా నల్లటి చెమట. దాన్ని ఉతకమని ఇచ్చిన రోజు రాజులమ్మ కర్రతో ఎత్తి పొయ్యిలో పడేసింది. మర్నాటికి ఇంకో గుడ్డ వచ్చింది. మొదటిది ఏమైందని అతను అడగనేలేదు.

అయినా గానుగ ఆగకుండా చూసుకుంది. కొండమీదివాళ్లు తమ గింజలు తెచ్చి, తమ నూనె తాము పట్టుకుపోతారు. నోటికెళ్లే వస్తువు కాబట్టి ఎవరినంటే వాళ్లను నమ్మరు. ఆ నమ్మకం పోతే మళ్లీ పల్లం దిగి, బావగార్ల పెరట్లో నూనె తీసిన చెక్క ఏరుకుంటూ బతకాలి. అది తప్పించుకోడానికే ఆమె తాపత్రయమంతా.

ఒక ఏడు చైత్రంలో, కొండమీదివాళ్లు చేసుకునే ఇటుకల పండుగ ముందు రోజుల్లో కానుగ గింజలు బాగా వచ్చాయి. కానుగ నూనె దీపాలకూ పశువుల గజ్జికీ తప్ప తిండికి పనికిరాదు. చేదు, పైగా వాంతులు. అందుకే కానుగ ఆడించాక రోటిని వేడినీళ్లతో కడిగి, బూడిదతో తోమి, రెండు వాయలు తవుడు వేసి తిప్పి, ఆ తవుడు పారబోశాకే తినే గింజ వేస్తారు. గానుగ పట్టిన ప్రతివాడికీ ఇది పుట్టుకతో వచ్చిన పాఠం.

పండుగకు ముందు రోజు మధ్యాహ్నం రాజులమ్మ వంటచెరకు కోసం వెళ్తూ, "మావా, రోలు కడిగి తవుడు ఆడించు. చిన్నమ్మి వలిసెలు తెత్తాది" అని చెప్పింది. తిరిగొచ్చేసరికి వలిసెలు రోట్లో ఉన్నాయి. కొండ మీది పై ఊరి చిన్నమ్మి కుండ పట్టుకుని నిలబడింది.

"కడిగినావా?" అంది రాజులమ్మ కట్టెల మోపు దించకుండానే.

"కడిగినాను కాదేటే! తవుడేసి తిప్పినాను. నల్లగా వచ్చినాది. మన నల్లోడికి ఏత్తే ఆ కుక్క కూడా వాసన చూసి తుమ్మి పోనాది!" అని పగలబడి నవ్వాడు.

కుక్క తుమ్ము దాకా చెప్పినవాడు అబద్ధమాడతాడా? పెరడంతా ముందే కానుగ కంపు, దాని మీద గంజాయి కంపు. ఇక నూనెలో తేడా ఏ ముక్కుకు తెలుస్తుంది?

"బేగి పొయ్యి అక్కా, సీకటడితే దారిలో పెద్దపులి నూనె అడుగుతాది" అంది చిన్నమ్మి. రాజులమ్మ నవ్వి, రుచి చూడకుండానే కుండ నింపి పంపింది.

మర్నాడు పొద్దున పెరడు ఊడుస్తూ, ఆ తవుడు ఎక్కడ పారబోశాడా అని వెతికింది. ఎక్కడా లేదు. కుక్క తినేసిందేమో అనుకుంది. అప్పుడు చీపురు ఆగిపోయింది. నల్లోణ్ని చిరుతపులి ఎత్తుకుపోయి ఎన్నో ఏళ్లయింది, నిన్న హడావిడిలో ఆ సంగతి ఆమెకే తట్టలేదు.

అతను అబద్ధమాడలేదు. ఎప్పటిదో కడుగుడు, ఎప్పటిదో తుమ్ము తీసుకొచ్చి నిన్నటికి అతికించుకున్నాడు. నిన్నటిది మాత్రం అతని బుర్రలో లేదు.

కొంగు దోపుకుని కొండెక్కింది. ఊరి మొగదల్లోనే తెలిసిపోయింది. పండుగ వంట తిన్న పిల్లలు చెట్ల మొదళ్లలో వంగి కక్కుతున్నారు. చిన్నమ్మి మామ గోడకు జారబడి ఒట్టి నీళ్లు కక్కుతూ, రాజులమ్మ వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఊరంతా కానుగ చేదు, వాంతి పులుపు. ప్రాణాలకు ముప్పు లేదు. ఇటుకల పండుగ మాత్రం పోయింది.

"ఏటక్కా, మా పిల్లలు పశువులనుకున్నావా, గజ్జి నూనె పోసినావు?" అంది చిన్నమ్మి. గొంతులో కోపం కన్నా అసహ్యం ఎక్కువ.

"నేను రుసి సూడనేదమ్మా. మా ఆయన కడగనేదు. కడిగినానన్నాడు, నేను నమ్మినాను."

"ఆ బావ మాట నువ్వెలా నమ్మినావు? మా ఊరి మేకలు కూడా నమ్మవు!"

రాజులమ్మ మిగిలిన నూనెను తన చేతుల్తోనే బురదలో పారబోసింది. సాయంత్రం దాకా పిల్లల మూతులు కడిగింది, వాంతుల మీద బూడిద పోసి ఎత్తింది. ఎత్తుతున్నంతసేపూ ఆమెకు రోత పుట్టించింది ఆ వాంతులు కాదు, అరుగు మీద కూర్చున్న మొగుడు.

దిగొచ్చేసరికి వరహాలరావు అరుగు మీద చిలుం పట్టుకుని ఉన్నాడు.

"పండుగ నూనె బాగున్నాదన్నారా?" అని అడిగాడు, పళ్లన్నీ బయటపెట్టి.

"ఊరంతా కక్కింది నీ వల్ల."

"అయ్యో! ఎవరాడించినారే?"

తిడితే ఎవర్ని తిట్టాలి? తిన్న తిట్టు రేపటికి ఉండదు. సిగ్గుపడాలన్నా చేసింది గుర్తుండాలి కదా. ఇన్నేళ్లూ ఆమె కాపలా కాసింది మొగుణ్ని కాదు, మొగుడి తోలుని.

తెల్లారగానే వేడినీళ్లు పోసి రోలు తనే కడిగింది. తోమింది. తవుడు ఆడించి, పారబోసి, మళ్లీ ఆడించింది. తన ఇంట్లో దాచిన వలిసెలు, పాడైనవాటికి బదులుగా కొలిచి, పై ఊరికి కబురు పెట్టింది. చిన్నమ్మి వచ్చింది గానీ గడప బయటే నిలబడింది.

"బావ రోటి కాడుంటే నాను రాను."

"సెయ్యి ఎట్టనివ్వను. నువ్వే సూడు."

రోకలి కిందికి అదమాలంటే దూలం మీద బరువుండాలి. రాజులమ్మ వరహాలరావు చేతిలోంచి చిలుం లాగి గెడ్డ నీళ్ల వైపు విసిరింది. రెక్క పట్టుకుని తీసుకొచ్చి దూలం మీద కూర్చోబెట్టింది. ఎద్దును అదిలించింది. గానుగ కదిలింది, అతను ఊగుతూ తిరగసాగాడు.

"ఎవరివే ఈ గింజలు?" అన్నాడు చుట్టు తిరిగి వచ్చి.

"మావే బావా" అంది చిన్నమ్మి.

నూనె బొట్లు పడడం మొదలైంది. రాజులమ్మ ముందు తన నాలుక మీద వేసుకుని, తర్వాత చిన్నమ్మి అరచేతిలో పోసింది. చిన్నమ్మి నాకి, గడప లోపలికి వచ్చి కుండ కింద పెట్టింది.

"ఎవరివే ఈ గింజలు?" అని అతను మళ్లీ వచ్చాడు.

ఇద్దరూ వినిపించుకోలేదు. పై ఊరి పిల్లలు గంజి తాగుతున్నారా అని రాజులమ్మ అడుగుతోంది.