మా అత్తగారి కుంపటి

మొన్న మా మనవరాలికి గుండె దడగా ఉంటోందనీ, చేతులు వణుకుతున్నాయనీ విశాఖపట్నంలో డాక్టరుకు చూపిస్తే, ఆయన మెడ తడిమి చూసి, థైరాయిడ్ కావచ్చు, రక్తపరీక్ష చేయించుకోమని రాసిచ్చాడు. రక్తం తీసుకున్నవాళ్ళు ఎల్లుండి వచ్చి కాగితం పట్టుకెళ్ళమన్నారు. ఆ ఎల్లుండి దాకా ఎలా ఆగాలో తెలియక ఆ పిల్ల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. పిలిస్తే పలకదు, అన్నం పెడితే కెలికి వదిలేస్తుంది. దాని తల్లీ తండ్రీ ఆఫీసులకు వెళుతూ, రెండు రోజుల భాగ్యానికి ఇంత కంగారెందుకని తలుపు బయటి నుంచే చెప్పి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ మాట అనడానికి నోరు రాలేదు. హాల్లో కూర్చుని ఆ మూసిన తలుపు వైపు చూస్తూ ఉంటే, అరవై ఏళ్ళ కిందట చింతపల్లిలో నా మీద మూసిన తలుపు గుర్తుకు వచ్చింది.

నేను కాపురానికి వెళ్ళింది మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగిన కొత్తలో. మా అత్తవారిది నర్సీపట్నం పక్క పల్లె. మామగారి హయాంలోనే కొండెక్కి, చింతపల్లి సంతవీధిలో కొట్టు పెట్టుకున్నారు. ఉప్పూ, కిరసనాయిలూ, ముతక బట్టలూ అమ్మడం, కొండవాళ్ళు తెచ్చే చింతపండూ, పసుపూ, కరక్కాయలూ కొనడం వాళ్ళ వ్యాపారం. నేను వెళ్ళేనాటికి మామగారు లేరు. కొట్టు ఆయన (అంటే మావారు) చూసుకునేవారు, ఇల్లూ ఆయన్నీ కలిపి అత్తగారు చూసుకునేవారు. నన్ను డోలీలో ఘాటీ, అంటే కొండదారి, ఎక్కించారు. మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి చూశాను గాని, చెట్లు మూసుకుపోయి వచ్చిన దారి కనిపించలేదు. పుట్టింటిని అలా విడిచిపెట్టి రావడం ఎంత పని అయిందో నా ఈడు ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

నేను కాపురానికి రాకముందు అత్తగారికి ఒక కూతురు ఉండేది. పెళ్ళీడు వచ్చిన పిల్ల, మన్యం జ్వరం వచ్చి ఒక వానాకాలంలో పోయింది. ఆ పిల్ల పడుకున్న గది కిటికీ ఎవరో తెరిచి ఉంచారనీ, ఆ కొండగాలి తగిలే పోయిందనీ అత్తగారి నమ్మకం. ఒక్క ఆవిడదే కాదు, కింద నుంచి కొండెక్కిన కొట్లవాళ్ళందరికీ అదే లెక్క. తలనొప్పి వచ్చినా, కాలు బెణికినా ముందు జ్వరం కిందే జమకట్టేవారు. కిటికీలో గోనెసంచి కుక్కడం, గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం, మీద కంబళి కప్పడం, గంజి తప్ప మరొకటి ముట్టనివ్వకపోవడం, స్నానం మాన్పించడం, ఇదీ ఆ వీధిలో వైద్యం. దాంతో బతికినవాళ్ళు వైద్యం మంచిదనేవారు, పోయినవాళ్ళు ఏమీ అనలేదు.

రెండో ఏడు ఎండాకాలం చివర నాకు ఒంట్లో ఏదో మొదలైంది. ఊరికే కూర్చున్నా గుండె పరుగులు తీసేది. కిరసనాయిలు పోస్తుంటే చెయ్యి వణికి సగం నేలపాలయ్యేది. ఎంత తిన్నా ఆకలి తీరదు, ఎంత తిన్నా ఒళ్ళు చేయదు. గాజులు మోచేతి దాకా జారిపోయేవి. కళ్ళు పెద్దవై ముందుకు వచ్చినట్టు అద్దంలో నాకే కనిపించేది. అన్నిటికంటే ఘోరం భయం. దేనికి భయమో తెలియదు. ఇల్లు కూలిపోతుందన్నట్టు, ఎవరో చచ్చిపోయారన్న కబురు గుమ్మంలోకి వచ్చేసినట్టు, పొద్దస్తమానం అదే గుబులు. ఏడుపు వచ్చేది, ఎందుకేడుస్తున్నావంటే చెప్పడానికి కారణం ఉండేది కాదు. కారణం లేని ఏడుపును అత్తవారింట్లో ఎవరు నమ్ముతారు చెప్పండి. తిన్నది ఒంటికి పట్టడం లేదంటే లోపల మరెవరో తింటున్నారని వీధిలో గుసగుసలు బయలుదేరాయి.

అత్తగారు మాత్రం దయ్యమూ అనలేదు, పిచ్చీ అనలేదు. జ్వరమన్నారు. వానలు పట్టగానే నన్ను లోపలి చిన్నగదిలోకి చేర్చి, కిటికీకి గోనె కుక్కి, కుంపటి తెచ్చి మంచం పక్కన పెట్టారు. ఆ గది అసలు చింతపండు నిలవచేసే గది, పులుపు వాసన గోడల్లోకి ఇంకిపోయి ఉండేది. నాకు అప్పటికే ఒళ్ళంతా మంటలు. మాఘమాసపు చలిలోనైనా దుప్పటి తన్నేసేలా ఉన్న మనిషిని కంబళి కింద పెట్టి, పక్కన బొగ్గులు రాజేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. చెమటతో పరుపు తడిసేది. అది చూసి అత్తగారు, జ్వరం బయటికి వస్తోందని సంతోషించి మరో నాలుగు బొగ్గులు వేసేవారు. ఆకలికి ప్రాణం పోతుంటే గంజి పోసేవారు. వద్దంటే నోరు పెద్దది చేసేవారు. పెద్దావిడ మాట జవదాటే రోజులా అవి!

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేకపోయాను. ఆవిడ వంటపాకలో ఉండగా కంబళి తోసేసి, పెరట్లోకి పరుగెత్తి చూరునీళ్ళ కింద నిలబడ్డాను. ఆ చల్లటి నీళ్ళు నెత్తిన పడుతుంటే ఆ కొన్ని క్షణాలూ ఎంత హాయిగా ఉందో, ఇవాళ్టికీ వాన వస్తే నాకు ముందు అదే తలపుకు వస్తుంది. పక్క కొట్లవాళ్ళు చూశారు. జుట్టు విరబోసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, వానలో నిలబడి నవ్వుతున్న కోడలు. ఇక వాళ్ళకు కావలసిందేముంది? ఆ సాయంత్రానికి నేను పిచ్చిదాన్నని వీధంతా తేల్చేసింది. మర్నాటి నుంచి గది తలుపుకు బయట గొళ్ళెం పడింది.

మావారు మనసు లేని మనిషి కాదు, కాని తల్లికి ఎదురు చెప్పే నోరు లేదు. ఆవిడకు చెప్పకుండా సర్కారు మందుల కొట్టు నుంచి కాంపౌండరును పిలుచుకు వచ్చారు. ఆయన నాడి చూసి, నాలుక కింద గాజుగొట్టం పెట్టి చూసి, ఇది జ్వరం కాదన్నాడు. మంచినీళ్ళు మింగించి గొంతు వైపు చాలాసేపు చూశాడు. ఇక్కడేదో గ్రంథి పెరిగినట్టుందనీ, దాని వల్లనే ఇదంతా కావచ్చనీ, కాకపోనూవచ్చనీ, తనకు అంత తెలియదనీ అన్నాడు. వానలు వెనకబడి దారి బాగుపడ్డాక పెద్ద డాక్టరు కేంపుకు వస్తాడు, ఆయన చూసి చెప్పాల్సిందే, అందాకా ఏమీ చెయ్యలేమన్నాడు. కుంపటి తీయించమని కూడా గొణిగాడు. అత్తగారు ఒక్కమాటతో ఆయన్ను సాగనంపారు.

"గాజుగొట్టానికి మన్యం జరం ఏటి తెలుస్తాది బాబూ? నా పిల్లని తీసుకుపోయిన జరం నాకు తెల్దా?"

అప్పటి నుంచి నా ఎదురుచూపు మొదలైంది. మీలో ఎవరైనా ఇలాంటి ఎదురుచూపు పడి ఉంటే నా మాట అర్థమవుతుంది. రోగం కంటే, రోగమో కాదో తెలియకపోవడం నన్ను ఎక్కువ తినేసింది. ఒకనాడు గోడ అవతల అత్తగారు కొడుకుతో, వానలు తగ్గాక గుంటని (అంటే పిల్లని, నన్ను) కిందికి దింపేద్దాంరా అనడం విన్నాను. పిచ్చిదని పుట్టింటికి తోలేస్తారన్నమాట. అలా తోలేసిన కూతురితో మా నాన్న ఏ మొహం పెట్టుకుని ఊళ్ళో తిరుగుతాడు? పెద్ద డాక్టరు చూసి, ఒంట్లో ఏమీ లేదు, అంతా మనసులోనే ఉంది అనేస్తే నా గతి అంతే. అందుకని, నవ్వకండి, నాకు రోగమే ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను. పెద్ద రోగమైనా సరే, పేరున్న రోగమై ఉండాలని మొక్కుకున్నాను.

పగలంతా ఆ గదిలో ఏం చెయ్యను? కళ్ళు మూసుకుని ఘాటీ దిగుతున్నట్టు ఊహించుకునేదాన్ని. సంతవీధి దాటి, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల పాదుల పక్క నుంచి, లోయలో వాగు దాటి, కిందికి, కిందికి, మా పుట్టింటి పెరట్లో కరివేపాకు చెట్టు దాకా వెళ్ళిపోదామని. కాని ఊహలో కూడా వాగు దగ్గరికి వచ్చేసరికి వరద పొంగి ఉండేది. ఎంత ప్రయత్నించినా అవతలి గట్టు ఎక్కలేకపోయేదాన్ని. మనసు కూడా నా మీద గొళ్ళెం పెట్టేసిందని కుమిలిపోయేదాన్ని.

ఆ రోజుల్లో నాకు దక్కిన చల్లదనం ఒక్కటే. సంతనాడు పసుపుకొమ్ములు తెచ్చే కొండ ముసలమ్మ ఒకావిడ ఉండేది, మెడ కింద కొబ్బరికాయంత బుడిపె వేలాడుతుండేది. నేను కనిపించడం లేదేమని కొట్లో అడిగి, ఇంటి వెనక్కి వచ్చి, గోడకీ చూరుకీ మధ్య సందులో నుంచి పలకరించింది. నా గొంతులోనూ ఏదో పెరుగుతోందట, నీలాగే అవుతానేమో అని ఏడ్చాను. ఆ మాటకు మరొకరైతే నొచ్చుకునేవారే. ఆవిడ నవ్వింది.

"అయితే ఏటవుద్దమ్మా? నాను దీంతోనే పిల్లల్ని కన్నాను, పోడు కొట్టాను. బరువే గాని బతుకు ఆపలేదు."

తరువాతి సంతకు వాగులో నుంచి నున్నటి నల్లరాయి ఒకటి తెచ్చి ఆ సందులో నుంచి జారవిడిచింది. దాన్ని చెంబునీళ్ళలో వేసి ఉంచి, అత్తగారు లేనప్పుడు మెడ మీదా, కళ్ళ మీదా పెట్టుకునేదాన్ని. గుండె పరుగు తగ్గేది కాదు గాని, రాయి చల్లగా ఉన్నంతసేపు నేనింకా నేనేనని ధైర్యంగా ఉండేది.

దీపావళి వెళ్ళాక, మంచు పట్టే రోజుల్లో పెద్ద డాక్టరు వచ్చాడు. నన్ను కంబళిలో చుట్టి డోలీలో మందుల కొట్టుకు మోసుకువెళ్ళారు. అత్తగారు డోలీ పట్టుకుని పక్కన నడిచారు. డాక్టరు నన్ను చేతులు ముందుకు చాపమని, వేళ్ళ మీద ఒక పల్చటి కాగితం పరిచాడు. అది గాలిలో ఆకులా అల్లల్లాడింది. మెడ మీద గొట్టం ఆనించి విన్నాడు. నీళ్ళు మింగించాడు, కళ్ళు చూశాడు. నా ప్రాణాలన్నీ ఆయన నోటి మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నాతో కాక మా అత్తగారితో చెప్పాడు.

"ఇది పిచ్చి కాదమ్మా, జ్వరమూ కాదు. గొంతులోని గ్రంథి ఎక్కువగా పనిచేసి ఒళ్ళంతా కాల్చేస్తోంది. ఈ అమ్మాయికి లోపలే కుంపటి ఉంది. కంబళి ఎందుకు కప్పారు?"

నా మీది కంబళి అత్తగారే తీసి, మడిచి, చంకన పెట్టుకున్నారు. నేను ఏడ్చాను. ఆ ఏడుపుకు మాత్రం కారణం ఉంది. పాలలో వేసుకునే ఎర్రటి చుక్కల మందు ఇచ్చి, కాస్త నెమ్మదించాక చెన్నపట్నం తీసుకువెళ్ళి కోయించాలన్నాడు డాక్టరు. కోయించాలన్న మాటకు కూడా నేను భయపడలేదంటే నమ్మండి. నా రోగానికి పేరు దొరికింది, అది చాలు.

ఇంటికి వచ్చాక అత్తగారు కిటికీలో గోనె లాగేసి, కుంపటి రెండు చేతులతో ఎత్తి బయటికి తీసుకుపోయారు. తలుపు తెరిచే ఉంది. ఇన్నాళ్ళకు తెరిచిన తలుపులో నుంచి చూద్దును కదా, గుమ్మం అవతల చెమ్మ నేల మీద ఒక గోనెపట్టా పరిచి ఉంది, దాని పక్కన ఆవిడ మంచినీళ్ళ చెంబూ, తలకింద పెట్టుకునే పీటా ఉన్నాయి. వానాకాలమంతా ఆవిడ అక్కడే పడుకున్నారు. వెచ్చగా ఉండే వంటపాక ఉండగా, నేను మూలిగితే వినబడాలని, ఆ ఈదురుగాలిలో నా గుమ్మంలో పడుకున్నారు. ఇంట్లో ఉన్న కుంపటి ఒక్కటే, అది నా మంచం పక్కన ఉండేది. ఇప్పుడు దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, చలికి పగిలి నెత్తురోడుతున్న వేళ్ళు బొగ్గుల మీదికి చాపి, నేను చూడడం చూసి, కాస్త సిగ్గుపడ్డట్టు అన్నారు.

"నీకు అక్కర్లేదన్నారు గదే. ఇంక నేను కాసుకుంటాను."

పిల్లని కిందికి దింపేద్దామన్న మాట తోలెయ్యడానికి కాదనీ, తన కూతుర్ని దింపలేకపోయిన ఘాటీని నన్నైనా దింపి బతికించుకుందామనీ, అది కూడా అప్పుడే మావారు చెబితే తెలిసింది. నన్ను ఉడికించి చంపబోయిన మనిషి తను గడ్డకట్టుకుపోతూ ఆ పని చేసిందని తెలిశాక, ఆవిడ మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. చెన్నపట్నంలో కోయించుకున్నాను, బతికాను, మెడ మీద గీత మిగిలింది. దాన్ని దాచడానికి అత్తగారు తన మెడలోని కంటె తీసి నా మెడలో వేశారు.

ఇప్పుడు ఘాటీ మీద బస్సులు తిరుగుతున్నాయి, జీపులు తిరుగుతున్నాయి. రోగం పేరు తెలియడానికి కొండ దిగనూ అక్కర్లేదు, వానలు వెనకబడనూ అక్కర్లేదు. ఇంతకంటే మేలేముంది? ఎవరినీ చీకటిగదిలో ఉడికించడం లేదు, అదీ మేలే. కాని గొళ్ళెం బయట ఉన్ననాడు గుమ్మంలో ఒక మనిషి ఉండేది. ఇప్పుడు గడియ లోపలే ఉంది, గుమ్మం మాత్రం ఖాళీగా ఉంది. నేను చాప తెచ్చుకుని మనవరాలి గది ముందు పరుచుకున్నాను. మోకాళ్ళు సహకరించక కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. ఎవరది అంది లోపలి నుంచి. నేనేనే అన్నాను. ఏం కావాలి నాయనమ్మా అంది. ఏమీ అక్కర్లేదు, ఊరికే కూర్చున్నాను, నీ కాగితం వచ్చేదాకా ఇక్కడే ఉంటాను అన్నాను. కొంచెంసేపటికి లోపల గడియ తీసిన చప్పుడైంది.